రేవులేని తీరంలో లంగరు: తెలుగు ఓడల పనిముట్లు, వాటి పేర్లు – ఒక పరిశీలన

తెలుగువారి సముద్రయాన చరిత్రను చర్చించేటప్పుడు సాధారణంగా మూడు ఆధారాలు ముందుకు వస్తాయి. రెండు కొయ్యల ఓడ ముద్ర ఉన్న శాతవాహనుల సీసపు నాణేలు మొదటివి. మోటుపల్లి శాసనాలు రెండవవి. మచిలీపట్నం వస్త్రవ్యాపారాన్ని గురించి విదేశీయులు రాసిపెట్టిన వృత్తాంతాలు మూడవవి. ఈ ఆధారాల నుంచి ఓడ ఏ సరకు మోసింది, ఏ దేశానికి వెళ్లింది, ఎంత సుంకం చెల్లించింది అనే ప్రశ్నలకు సమాధానాలు రాబట్టగలిగాం. అయితే ఈ ప్రశ్నలన్నీ ఓడ కదలికకు సంబంధించినవి. ఓడ ఎలా ఆగింది, ఆగినచోట ఎలా నిలిచింది అనే ప్రశ్న వీటికంటే చిన్నదేమీ కాదు. తూర్పు తీరం విషయంలో అదే మొదట అడగవలసిన ప్రశ్న అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

సహజమైన లోతు రేవులు అరుదుగా ఉన్న తెలుగు తీరంలో రేవు చేయవలసిన పనిని లంగరు చేసిందనీ, ఆ లంగరును పోతపోయకుండా సాగగొట్టి చేసిన కమ్మరులు, దానికి మోకులు పేనినవారు, దాన్ని దించి ఎత్తిన కళాసీలు ఈ నేలవారే అయినా ఆ పనిముట్ల పేర్లు మాత్రం మన కావ్యాలలోకి, కోశాలలోకి అతి తక్కువగా చేరాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చేరిన ప్రధానపదం ‘లంగరు’. అది కూడా పారసీకం నుంచి వచ్చినది.

తీర స్వభావం – మోటుపల్లి అభయం

పశ్చిమతీరంలో ముంబయి, కొచ్చి వంటి చోట్ల భూమి సముద్రాన్ని చేతుల్లోకి తీసుకున్నట్లు ఉంటుంది. అక్కడ ఓడ గాలికి మరుగున నిలుస్తుంది. కృష్ణా గోదావరుల డెల్టాతీరం అలాంటిది కాదు. నదులు తెచ్చిన ఒండ్రు వల్ల తీరం నుంచి మైళ్ల దూరం వరకు నీరు లోతు తక్కువ. మచిలీపట్నంలో పెద్ద ఓడలు ఒడ్డుకు దాదాపు 5 మైళ్ల దూరంలో బహిరంగ సముద్రంలోనే నిలిచేవి. సరకు, మనుషులు చిన్న పడవల మీద ఒడ్డుకు చేరేవారు. గోల్కొండ రాజ్యపు ప్రధానరేవు అనిపించుకున్న ఊరి పరిస్థితి ఇది. 1611లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ నిజాంపట్నానికి, మచిలీపట్నానికి వచ్చినప్పుడు అందులోని వర్తకులు దిగింది రేవుగోడ మీదికి కాదు, పడవలోకి. ఓడకూ ఒడ్డుకూ మధ్య ఉన్న ఆ దూరమంతా లంగరు మీద పెట్టుకున్న నమ్మకమే.

పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు గాలి సముద్రం మీది నుంచి తీరంవైపు వీస్తుంది. ఆ కాలంలోనే బంగాళాఖాతంలో తుపానులు పుడతాయి. లంగరు జారితే ఓడ కొట్టుకుపోయేది నడిసముద్రంలోకి కాదు, ఒడ్డుమీదికి. అందుకే తుపాను ఛాయలు కనిపించగానే లంగరు ఎత్తి, లేదా ఎత్తే వ్యవధి లేకపోతే మోకు తెగనరికి, ఓడను లోతునీటికి తోలుకుపోవడం ఈ తీరపు నావికుల తెలివిగా ఉండేది. 1746 అక్టోబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనే నౌకాదళం ఆ రేవులోనే తుపానుకు చిక్కి పలు ఓడలను పోగొట్టుకుంది. కోటను గెలిచినవాడు గాలికి ఓడిపోయాడు.

ఈ నేపథ్యంలో కాకతి గణపతిదేవుని మోటుపల్లి శాసనాన్ని మరొకసారి చదవాలి. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45 నాటి ఈ శాసనం మోటుపల్లి వీరభద్రాలయంలో ఉంది. పూర్వరాజులు తుపాను తాకిడికి దారితప్పి, భగ్నమై, తమ తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సర్వస్వాన్నీ బలవంతంగా తీసుకునేవారని, తాను మాత్రం నిర్ణీతమైన సుంకం తప్ప అంతా విడిచిపెడుతున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. చరిత్రకారులు దీన్ని వాణిజ్యవిధానంగానూ, రాజు ఔదార్యంగానూ వ్యాఖ్యానించారు. ఆ వ్యాఖ్యానాలు సమంజసమైనవే. కాని శాసనం ఊహిస్తున్న ఘటన ఏమిటో ఆలోచిస్తే అది లంగరు వైఫల్యానికి సంబంధించినదిగానూ కనిపిస్తుంది. లంగరు పట్టు నిలిచిన ఓడ సుంకం కట్టి సరకు దించుకుంటుంది. పట్టు తప్పిన ఓడ, పాత నియమం ప్రకారం, అన్నీ కోల్పోతుంది. రెండింటి మధ్య తేడా ఒక ఇనుపకొక్కెం, ఒక మోకు. సముద్రపు అడుగున ఆ కొక్కెం చేయలేకపోయిన పనిని ఒడ్డుమీద రాజశాసనం చేస్తానని మాట ఇచ్చింది. 1358లో అనవోతారెడ్డి కాలంలో మోటుపల్లి వర్తకులకు మళ్లీ అభయశాసనం ఇవ్వవలసి రావడాన్ని బట్టి ఇటువంటి మాటను తరతరానికీ తిరిగి చెప్పవలసి వచ్చిందని గ్రహించవచ్చు.

గణపతిదేవుని శాసనంలోని సుంకానికి ‘కూపశుల్కం’ అని పేరు. ‘కూపకం’ అంటే ఓడకొయ్య అని అమరకోశం చెబుతుంది. పేరులోని ‘కూప’ను ఆ అర్థంలో గ్రహిస్తే, ఓడకు గుర్తు దాని కొయ్య అయింది. సుంకరి దూరం నుంచి చూసేది కొయ్యనే కదా. నీటిలో మునిగి ఉండే లంగరు లెక్కకు రాదు.

కోశాలలో కనిపించనిది

అమరకోశంలోని వారివర్గం ఓడ పరికరాలను వరుసగా చెబుతుంది. ఓడకొయ్యకు, తెడ్డుకు, చుక్కానికి, అడుగున చేరిన మట్టిని గీకే కొయ్యపారకు, చివరికి నీటిని తోడిపోసే పాత్రకు కూడా అమరసింహుడు పేర్లు ఇచ్చాడు. లంగరు మాత్రం ఆ వరుసలో లేదు. సంస్కృత కవులకు పరిచితమైనది నదినావ అనీ, దాన్ని ఒడ్డున ఉన్న చెట్టుకో గుంజకో కట్టవచ్చుననీ మనం సరిపెట్టుకోవచ్చు. కాని పాళీభాషలోని మిళిందపఞ్హం చివరిభాగంలో సాధకునికి ఉపమానాలు చెబుతూ ఓడను, ఓడకొయ్యను, నియామకుని వరుసగా పేర్కొంటూ లంగరును కూడా చెప్పింది. అగాధమైన నీటిలో, అలల తాకిడిలో, అంత పెద్ద ఓడను అది కదలకుండా నిలుపుతుందనేది అక్కడి పోలిక. అందులో వాడిన మాట ‘లగ్’ (తగులుకొను) ధాతువుకు సంబంధించినది. అంటే దేశంలో ఆ వస్తువూ ఉంది, దానికి పేరూ ఉంది; కావ్యభాషకు ఆధారమైన కోశంలోకి మాత్రం అది ఎక్కలేదు. తెలుగుకవులు చదువుకున్నది అమరాన్ని.

తెలుగునేల మీద నావికులకు గౌరవస్థానం లేదనడానికి వీలులేదు. ఘంటసాల ప్రాకృతశాసనంలో శివకుడనే ‘మహానావికుడు’ ఉన్నాడు. పదిహేనవ శతాబ్దినాటి శ్రీనాథుడు హరవిలాసాన్ని అంకితమిచ్చింది అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి. ఆ కృతి అవతారికలో ఏ ద్వీపం నుంచి ఏ సరకు వచ్చేదో చెప్పే పట్టిక ఉంది. కప్పలి, జోంగు వంటి ఓడల పేర్లూ ఉన్నాయి. కప్పలి తమిళ ‘కప్పల్’కు బంధువు. జోంగు ఆగ్నేయాసియా రేవుల మాట. శ్రీనాథుని చెవికి రేవుభాష సోకిందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. కాని ఆ ప్రశంస వర్తకునిది, కళాసీది కాదు. కనుక ఓడ పేరు వచ్చింది, సరకు పేరు వచ్చింది, ఓడను పట్టినిలిపినదాని వంతు రాలేదు.

‘లంగరు’ పదవ్యాప్తి గమనింపదగినది. తెలుగు, కన్నడాలలో అది లంగరు. తమిళ, మలయాళాలలో నకారంతో ‘నంగూరం’. హిందీ, ఉర్దూ, మరాఠీలలో లంగర్. పారసీకంలో ఈ మాటకు ఓడలంగరు అనే అర్థంతోపాటు బరువైన గొలుసు అనీ, ఫకీర్లకు అన్నం పెట్టే చోటు అనీ అర్థాలున్నాయి. ఈ అర్థాలలో తీరాంధ్రకు చేరింది మొదటిది. తక్కినవి తెలంగాణకు, ముఖ్యంగా హైదరాబాదుకు చేరాయి. కాటేదాను నుంచి ఆరాంఘర్, అత్తాపూర్ మీదుగా మెహదీపట్నం వైపు వెళ్లేవారికి లంగర్‌హౌస్ నిత్యం వినపడే పేరు. సముద్రం అక్కడికి మూడువందల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాదులో మొహర్రం అయిదవనాడు జరిగే ‘లంగర్’ ఊరేగింపు నిజాముల కాలంలో కూడా ప్రసిద్ధమైనది. దాని పుట్టుకకు చెప్పే కథ ఇది: బాలుడైన అబ్దుల్లా కుతుబ్‌షాను మదించిన ఏనుగు ఎత్తుకుపోగా, బిడ్డ క్షేమంగా తిరిగివస్తే ఏనుగుకాలి గొలుసంత బంగారు గొలుసును హుస్సేనీ ఆలంకు సమర్పిస్తానని తల్లి హయత్ బక్షీ బేగం మొక్కుకున్నది. ఈ కథలోని లంగరు ఏనుగును కట్టిన గొలుసు. ఆ బేగం పేరుతోనే వెలసిన హయత్‌నగర్ గోల్కొండ నుంచి మచిలీపట్నానికి పోయే బాటలో ఉంది. ఒకే మాట ఆ బాటకు ఒక కొసన ఏనుగును, రెండవ కొసన ఓడను కట్టింది. రాజధానిలో దానికి ఊరేగింపు దక్కింది. రేవులో దానికి పనిమాత్రమే దక్కింది.

అయినా జనం నాలుక కోశకారునికంటే ఉదారమైనది. ఒక విషయం బొత్తిగా అర్థం కానప్పుడు ‘నాకేమీ లంగరు అందలేదు’ అనడం తెలుగులో వాడుక. ఇది పండితుల కల్పన అయి ఉండదు. లోతును బారలతో కొలిచి మోకు వదిలితే, మోకంతా అయిపోయినా లంగరు నేలను తాకని స్థితి నావికునికి ఎదురవుతుంది. ఆ దిగ్భ్రమ ఈ పలుకుబడిలో నిక్షిప్తమై ఉంది. సముద్రాన్ని ఎన్నడూ చూడనివారు సైతం దీన్ని వాడుతున్నారంటే, ఓడపని నుంచి ఊరిమాటకు ఒక దారి ఉండేదని ఒప్పుకోవాలి.

లంగరు నిర్మాణం, దాన్ని నడిపే అమరికలు

తెరచాప ఓడల కాలంలోని పెద్ద లంగరులో నాలుగు ముఖ్యభాగాలుంటాయి. నిలువుగా ఉండే ఇనుపకాడ, దాని అడుగున విల్లులా వంగిన రెండు చేతులు, ఆ చేతుల కొసలకు నాగలికర్రులా నేలలో దిగే ఆకులు, పైకొసన కడియం. ఆ కడియానికి కొద్దిగా కింద, చేతులకు అడ్డంగా వచ్చేటట్లు ఒక బరువైన దుంగ బిగిస్తారు. చూడటానికి అదనపు బరువులా కనిపించే ఈ అడ్డదుంగే అసలు కీలకం. లంగరు అడుగుకు చేరి పక్కకు ఒరిగినప్పుడు ఈ దుంగ నేలమీద వెల్లకిలా పడుకుంటుంది. అప్పుడు చేతులు నిలువుగా తిరగక తప్పదు. మోకు లాగుతున్నకొద్దీ కింది చేయి బురదలోకి దిగుతుంది. అడ్డదుంగ లేని లంగరు నేలమీద ఈడ్చుకుపోయే ఇనుము మాత్రమే. తెప్పకు రాయి కట్టి దించే జాలరికీ, ఈ లంగరు దించే నావికునికీ భేదం ఇక్కడే ఉంది. రాయి తన బరువుతో నిలుపుతుంది. లంగరు నేలను పట్టుకుని నిలుపుతుంది.

ఈ పట్టు దక్కాలంటే లాగుడు వీలైనంతవరకు నేలకు సమాంతరంగా ఉండాలి. అందుకే నీటిలోతుకు కనీసం మూడురెట్లు, గాలి హెచ్చితే అంతకంటే ఎక్కువ మోకు వదలాలి. బ్రిటిష్ నౌకాదళంలో లంగరుమోకు పొడవు సుమారు 120 బారలు. అతిపెద్ద యుద్ధనౌకల మోకు చుట్టుకొలత 24 అంగుళాల దాకా ఉండేది, లంగరు బరువు 4 టన్నుల ప్రాంతంలో ఉండేది. ఒక మనిషి తొడంత లావున్న తడిసిన తాడును, దాని కొసన ఏనుగంత ఇనుమును, బురద పట్టునుంచి విడిపించి పైకి తేవడమే ప్రతి ప్రయాణానికీ మొదటి పని. ఓడ ముందుభాగంలోని అమరికలన్నీ ఈ ఒక్క పనికోసం పుట్టినవే.

మోకు ఓడలోకి వచ్చే కన్నాలు ముక్కుకు ఇరువైపులా ఉంటాయి. రాపిడికి కొయ్య అరగకుండా వాటికి సీసపు తొడుగు వేసేవారు. లోపలికి వచ్చిన మోకును కట్టిపెట్టడానికి ఓడ అడుగుదూలాల దాకా దిగిన జంటగుంజలుంటాయి. ఓడను నిలిపి ఉంచే లాగుడంతా మోయవలసినవి ఆ గుంజలే. వాటి వెనుక నిలువురాట్నం. ఆంగ్లంలో కాప్‌స్టన్ అనే ఈ నిలువుదిమ్మ తలకు చుట్టూ తొర్రలుంటాయి. వాటిలో గడలు దూర్చి పదులకొద్దీ మనుషులు గానుగ తిప్పినట్లు తిప్పుతారు. వెనక్కి తిరిగిపోకుండా అడుగున ఇనుపనాలుకలు ఒక్కొక్క పంటిలో పడుతుంటాయి. చిన్న ఓడలకు ఇదే రాట్నం అడ్డంగా పడుకుని ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంత లావు మోకు రాట్నానికి చుట్టుకోదు. అందువల్ల రాట్నం చుట్టూ సన్నని తాడును కొసలు కలిపి మాలగా తిప్పి, లోపలికి వస్తున్న మోకును కొంతదూరం ఆ మాలకు చిన్న పేళ్లతో కట్టి, రాట్నం దగ్గరకు రాగానే విప్పుతూ ఉండేవారు. ఈ కట్టే విప్పే పని యూరపు ఓడలలో కుర్రవాళ్లది. ఒక్క ముడి జారితే మోకు వెనక్కి పరుగెత్తుతుంది. రాట్నం గడలు తిప్పేవారి పక్కటెముకలు విరుగుతాయి.

లంగరు నీటిపైకి తేలిన తర్వాత ఇంకొక సమస్య ఎదురవుతుంది. దాన్ని కన్నం దాకా లాగితే ఆకులు ఓడపక్కను చీలుస్తాయి. అందుకే ముక్కుకు రెండువైపులా బయటికి పొడుచుకువచ్చిన బలమైన దూలాలు ఉంటాయి. ఆంగ్ల నావికులు వీటిని క్యాట్‌హెడ్ అంటారు. ఈ వ్యాసంలో వాటిని లంగరుదూలాలు అందాం. దూలం కొసన గిలకలు అమర్చి ఉంటాయి. వాటిగుండా పోయే తాడుకు పెద్ద కప్పీ, దానికి కొక్కెం. ఆ కొక్కేన్ని లంగరు కడియానికి తగిలించి, ఓడపక్కకు ఎడంగా పైకి లాగి దూలానికి వేలాడదీస్తారు. తర్వాత మరొక కొక్కెంతో చేతిని పట్టి పైకెత్తి, లంగరును ఓడ అంచుకు పడుకోబెట్టి కట్టేస్తారు. దించేటప్పుడు ఈ కట్టు విప్పితే చాలు. దూలం ముఖాన పిల్లితల లేదా సింహపు తల చెక్కే ఆచారం యూరపులో ఉండేది. మన ఓడల ముందు కళ్లు చెక్కే ఆచారానికి దాన్ని పోల్చాలనిపిస్తుంది గాని, రెండింటి ఉద్దేశాలు వేరు.

లంగరు పడిన చోటును గుర్తించడానికి దాని అడుగుకు కట్టిన తాడు కొసన ఒక బోయా తేలుతుంటుంది. తుపానులో మోకు నరికి పారిపోయిన ఓడ తిరిగివచ్చి తన లంగరును వెదుక్కునేది ఆ బోయాను పట్టుకునే. మచిలీపట్నం, మద్రాసు వంటి బహిరంగ రేవులలో ఈ చిన్న తేలుడుబుంగ విలువ ఎంతో ఊహించవచ్చు.

పై భాగాలలో కొన్నింటికి తెలుగు మాటలు సిద్ధంగా ఉండటం విశేషం. మోకు, గుంజ, గిలక, దిమ్మ, రాట్నం, బార – ఇవన్నీ బావిదగ్గర, పొలంలో, గానుగ దగ్గర వాడేవే. పాఠశాల భౌతికశాస్త్రంలో మనం చదివే ‘కప్పీ’ మలయాళంలోనూ ఉంది. అంటే తెలుగు నావికునికి మాటల కరువు లేదు. ఉన్న మాటలను ఓడమీదికి తీసుకుపోయాడు. లేనివాటిని తోటి నావికుల నుంచి తెచ్చుకున్నాడు.

నరసాపురం కొలుములు

గోదావరి వసిష్ఠపాయ ముఖంలోని నరసాపురం, దాని పక్కనున్న మాధవాయపాలెం పదిహేడవ శతాబ్దిలో ఓడల నిర్మాణానికి పేరుపొందాయి. మాధవాయపాలెం పేరు ‘మదపొల్లం’ అనే గుడ్డ రూపంలో ప్రపంచమంతా తిరిగింది. 1669-1679 మధ్య బంగాళాఖాత తీరాలలో వర్తకం చేసిన ఆంగ్లనావికుడు థామస్ బౌరీ ఈ ప్రాంతాన్ని వర్ణించాడు. ఇక్కడ మంచి కలప సమృద్ధిగా దొరుకుతుందని, తీరం మొత్తంలో మేలైన ఇనుము ఇక్కడిదేనని, మేకులు, సీలలు, లంగర్ల వంటి ఏ ఇనుపపనినైనా స్థానికులు నేర్పుగా చేస్తారని, ఓడ తాళ్లు పేనడంలోనూ వారిది మంచి పద్ధతి అని అతని సాక్ష్యం. ఆంగ్లవర్తకులు ఏటేటా తమ ఓడలను ఇక్కడ కట్టించుకునేవారని కూడా అతడు చెప్పాడు. బౌరీ వర్తకుడే గాని ఓడను నడిపినవాడు. లంగరును గురించి అతని మెచ్చుకోలు ఊరక వచ్చేది కాదు. ఈ వ్యాసానికి ప్రధానమైన ఆధారం ఇదే. ‘లంగరు’ అనే మాట పారసీకమైతే కావచ్చు, లంగరు మాత్రం నరసాపురంలో పుట్టింది.

లంగరు చేయడం కత్తి చేయడం వంటిది కాదు. తెలంగాణ ఉక్కు అనగానే నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రం గుర్తుకువస్తుంది. మూసలో కరిగించి చేసిన ఆ ఉక్కు పారసీక దేశపు కత్తులకు ముడిసరకు అయింది. పంతొమ్మిదవ శతాబ్ది తొలిపాదంలో వైసీ అక్కడి విధానాన్ని నమోదు చేశాడు. ఆ గట్టి ఉక్కు లంగరుకు పనికిరాదు. హఠాత్తుగా లాగినప్పుడు అది పెట్లిపోతుంది. లంగరుకు కావలసింది వంగినా విరగని మెత్తని చేత ఇనుము. సన్నని కమ్మీలను కట్టగా కట్టి, తెల్లగా కాల్చి, ఒకే ముద్ద అయ్యేదాకా సమ్మెటలతో కొట్టి కాడ తయారుచేస్తారు. చేతులను విడిగా చేసి కాడ అడుగున కాల్చి అతుకుతారు. అంత పెద్ద ముద్ద లోపలిదాకా సమానంగా కాగకపోతే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల విడిగానే ఉంటుంది. ఆ లోపం బయటపడేది తుపానులోనే. ఆవిరి సమ్మెట రాకముందు ప్రపంచంలో ఎక్కడైనా ఇది మనుషుల భుజబలంతో, కన్నుతో రంగును చూసి వేడిని గుర్తించే నేర్పుతో సాగిన పనే. మన లోహచరిత్ర కత్తిని కీర్తించినంతగా లంగరును కీర్తించకపోవడం పక్షపాతమే అనిపిస్తుంది. కత్తి రాజు చేతిలో ఉంటుంది.

మోకు సంగతి కూడా చెప్పాలి. ఈ సముద్రంలో లంగరుకు కొబ్బరిపీచు మోకు విరివిగా వాడేవారు. యూరపు జనపమోకుకంటే దాని బలం తక్కువే. కాని అది సాగుతుంది, నీటిపై తేలుతుంది, ఉప్పునీటికి తట్టుకుంటుంది. అల ఓడను ఎత్తినప్పుడు మోకు కొంత సాగి, దిగినప్పుడు ముడుచుకుంటే లంగరు మీద కుదుపు తగ్గుతుంది. బలం తక్కువైన తాడు సాగేగుణం వల్ల బలమైన తాడుకంటే మేలుచేసిన సందర్భాలు ఇలా ఉంటాయి. మంచినీటిలో మాత్రం అది త్వరగా కుళ్లుతుంది. నదీముఖంలో నిలిచే ఓడలకు ఇది నిత్యసమస్య.

కోరంగి

నరసాపురం తర్వాత ఓడల నిర్మాణంలో వినిపించే పేరు గోదావరి ముఖంలోని కోరంగి. 1802లో రోబక్ అనే ఆంగ్లేయుడు ఇక్కడ ఓడల మరమ్మతు గోదీ కట్టించాడు. కలకత్తాకూ తిరుకోణమలకూ మధ్య పెద్ద ఓడలను గోదీలోకి ఎక్కించగల చోటు ఇదొక్కటే అని చెప్పుకునేవారు. బర్మాలో తెలుగు కూలీలందరికీ ‘కోరంగీలు’ అని పేరుపడటం ఈ రేవు వ్యాప్తికి సాక్ష్యం.

తిరుకోణమల నౌకానిర్మాణశాలలో పనిచేసిన జాన్ ఎడీ 1834లో ప్రచురించిన వ్యాసంలో కోరమాండల్ తీరపు దోనీని వర్ణించాడు. సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 12 అడుగుల లోతు; అడుగు చదును. దాని కట్టుబడి, సరంజామా మోటువని అతడు ఈసడించాడు. ఆ తీర్పును యథాతథంగా స్వీకరించనక్కరలేదు. చదును అడుగు ఉన్న దోనీ ఇసుకమేటల మీదుగా పోగలదు, ఒడ్డున కూర్చోగలదు. అంటే లంగరు మీద దాని ఆధారం తక్కువ. యూరపు ఓడకు ఉన్నన్ని అమరికలు దానికి లేకపోవడం అజ్ఞానం కాదు, అవసరం లేకపోవడం. లోతునీటిలో నిలవవలసిన ఓడకు నరసాపురంలో లంగరు చేసిన చేతులే, మేటమీద కూర్చునే దోనీకి అంత లంగరు అక్కరలేదని గుర్తించాయి.

1789లోనూ 1839లోనూ కోరంగిని తుపాను ఉప్పెనలు ముంచెత్తాయి. 1848లో ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానులను అధ్యయనం చేసినవాడే. 1864 నవంబరు 1 నాటి ఉప్పెన మచిలీపట్నంలో సుమారు 30,000 మందిని బలిగొన్నది. నీరే ఊరిమీదికి లేచినప్పుడు లంగరు ఏమీ చేయలేదు; పట్టుకోవలసిన నేల బారలకొద్దీ లోతుకు వెళ్లిపోతుంది. పలుకుబడిలోని లంగరు అందకపోవడం ఇక్కడ అక్షరసత్యం.

అప్పటికే పనిముట్లు మారుతున్నాయి. 1808లో శామ్యూల్ బ్రౌన్ అనే బ్రిటిష్ నౌకాదళాధికారి ఇనుపగొలుసు లంగరుతాళ్లకు పేటెంటు పొందాడు. గొలుసు కుళ్లదు, రాపిడికి తెగదు, తన బరువుతో నేలకు వాలి లాగుడును సమాంతరం చేస్తుంది. దాంతో మాలతాడు, దాన్ని కట్టే కుర్రవాళ్లు, కన్నాల సీసపు తొడుగు అన్నీ అనవసరమయ్యాయి. తరువాత అడ్డదుంగ లేకుండా నేరుగా కన్నంలోకి ఒదిగే లంగర్లు రావడంతో లంగరుదూలం కూడా పోయింది. గొలుసు యంత్రశాలలో తయారవుతుంది, కొలిమిలో కాదు. నరసాపురం వంటి చోట్ల కమ్మరికీ మోకు పేనేవారికీ ఒకేసారి పని తగ్గించిన మార్పు ఇది. ఓడల నిర్మాణం క్షీణించడానికి ఆవిరి ఓడలను, నదీముఖాల పూడికను కారణాలుగా చెబుతాం. ఈ గొలుసును కూడా వాటి పక్కన చేర్చాలి.

కళాసీల భాష

1811లో కలకత్తాలో థామస్ రోబక్ ఇంగ్లీషు–హిందుస్తానీ నౌకానిఘంటువును ప్రచురించాడు. భారతీయ నావికులతో ఓడ నడిపించే ఆంగ్ల అధికారుల కోసం అది తయారైంది. 1882లో జార్జి స్మాల్ దాన్ని సవరించి లస్కరీ నిఘంటువుగా వెలువరించాడు. పారసీక, అరబ్బీ, పోర్చుగీసు, దేశభాషల పదాలు కలగలిసిన ఆ ఓడభాషకు అంతకుముందు రాతరూపం దాదాపు లేదు. ఆజ్ఞ ఇవ్వవలసినవారికి అవసరమైంది కనుక అది అచ్చయింది. ఆజ్ఞ అందుకున్నవారి తరఫున ఎవరూ దాన్ని రాసుకోలేదు. అయినప్పటికీ ఆ నిఘంటువులు లేకపోతే ఇంతమాత్రమూ మిగిలేది కాదు.

ఆ భాష తెలుగులో ఎంత ఇంకిందో చూడటానికి పెద్ద శ్రమ అక్కర్లేదు. సరంగు, పారసీక ‘సర్‌హంగ్’ నుంచి. కళాసీ, అరబ్బీమూలం, నేడు రైల్వేలోనూ, కర్మాగారాలలోనూ సహాయకపు కూలికి అదే పేరు. తండేలు శ్రీకాకుళం తీరంలో పడవనాయకుడు. ఇటీవల ఒక చలనచిత్రం పేరుగా మెట్టప్రాంతాలకూ పరిచితమైంది. ఈ పదానికి తెలుగు, మలయాళ రూపాలను 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ కోశం ఇచ్చింది. రేవులలో బరువు దించమనడానికి కళాసీలు అరిచే ‘ఆర్యా’ పోర్చుగీసు ‘అర్రియార్’ (దించు) నుంచి వచ్చింది. ఓడ మీద తెరచాపకు, లంగరుకు చెప్పిన ఆజ్ఞ నేడు క్రేను కింద వినిపిస్తోంది. వ్యాకరణం అన్యదేశ్యమని పక్కన పెట్టిన ఈ మాటలే మన తీరపు శ్రమచరిత్రకు దస్తావేజులు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం, 1971లో చేనేత పదాలతో వెలువడిన దాని రెండవ సంపుటం ఒక పద్ధతిని ఏర్పరచాయి. వస్తువును చూసి, భాగాలను గీసి, ఒక్కొక్క భాగానికి ఊరూరా పేరు అడగడం ఆ పద్ధతి. తాళ్లరేవు, నరసాపురం, భీమునిపట్నం ఓడవడ్రంగుల దగ్గర, కమ్మరుల దగ్గర అదే ప్రశ్న వేయాలి: అడ్డదుంగను ఏమంటారు? లంగరు ఆకును ఏమంటారు? మోకు కట్టే జంటగుంజలకు వేర్వేరు పేర్లున్నాయా? మాట దొరికితే దాని వెంట పనివిధానమూ, అది ఎక్కడినుంచి వచ్చిందో ఆ దారీ దొరుకుతాయి.

1933లో విశాఖపట్నంలో కట్టుడు రేవు ప్రారంభమై, ‘జలదుర్గ’ ఆ రేవులో ప్రవేశించిన తొలి నౌక అయిన తర్వాత, లంగరు మీద నిలిచి సరకు దించే పద్ధతి ఈ తీరంలో క్రమంగా వెనక్కి తగ్గింది. కాకినాడలో మాత్రం అది ఇంకా ఉంది. హోప్ ఐలండుకు ఆవల పెద్ద ఓడలు లంగరు దించి నిలిస్తే, బార్జీలు వాటి పక్కకు చేరి సరకు మోసుకువస్తాయి. ప్రభుత్వ పత్రాలలో ఆ రేవు పేరే యాంకరేజ్ పోర్టు. బార్జీల మీద పనిచేసే కళాసీలలో వయసు మీరినవారు ఉన్నారు. పైన అడిగిన ప్రశ్నలను మొదట వేయవలసింది వారినే.